అంకె 60, ఆట కుంటినడక

కంప్యూటర్‌లో ఆట నడుస్తుంటే తెర మూలన ఒక పసుపు రంగు అంకె కనబడడం 1999లో మొదలైంది. ఆస్ట్రేలియాకు చెందిన బీపా అనే చిన్న సంస్థ తెచ్చిన ఫ్రాప్స్ ప్రోగ్రామ్ చలవ అది. సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని బొమ్మలు, తయారవుతున్నాయో ఆ అంకె చెప్పేది. 60 ఉంటే ఖుషీ. 30 ఉంటే సర్దుకుపోవడం. 20కి పడితే కొత్త గ్రాఫిక్స్ కార్డు కోసం ఇంట్లో పోరు పెట్టడం. పత్రికలవాళ్లు కార్డులకు మార్కులు వేసింది ఆ అంకె చూసే, కంపెనీలు డబ్బా మీద గొప్పలు అచ్చేసుకున్నదీ దాన్ని చూసే. పన్నెండేళ్లు దాని రాజ్యమే నడిచింది.

ఆడేవాళ్లకు మాత్రం ఒక సంగతి అంతుపట్టేది కాదు. అంకె 60 దగ్గరే నిక్షేపంగా ఉంటుంది, ఆట మాత్రం ఉన్నట్టుండి ఝటక్కున ఆగి, మళ్లీ దూకుతుంది. షాపుకు తీసుకెళ్తే అక్కడాయన అంకె చూసి, "బాగానే ఉంది కదా తమ్మీ" అని పంపేసేవాడు.

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక సెకనులో 59 ఫ్రేములు తలా 14 మిల్లీసెకన్లలో తయారయ్యాయనుకోండి. మొత్తం 826 మిల్లీసెకన్లు. మిగిలిన ఒక్క ఫ్రేము 174 మిల్లీసెకన్లు తినేసింది. రెండూ కలిపితే వెయ్యి, సరిగ్గా ఒక సెకను. 60 ఫ్రేములు అనే లెక్కకు వంక పెట్టే పని లేదు. కానీ ఆ 174 మిల్లీసెకన్లూ తెర మీద ఒకే బొమ్మ బిగుసుకుపోయి ఉంది. ఎదుటివాడు గోడ చాటు నుంచి వచ్చి కాల్చిపోవడానికి ఆ మాత్రం సమయం చాలు.

మామూలు మానిటర్ సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. అంటే ఒక్కో బొమ్మకు దక్కే గడువు 16.7 మిల్లీసెకన్లు. బొమ్మను మానిటర్ విడతకు కట్టేసే వీ-సింక్ పెట్టుకుని ఆడుతుంటే, గడువుకు అందని బొమ్మ తర్వాతి విడత దాకా ఆగాలి. అప్పటిదాకా పాత బొమ్మే తెర మీద 33.3 మిల్లీసెకన్లు నిలుస్తుంది. వీ-సింక్ తీసేస్తే ఆగడం ఉండదు గానీ, పై సగం ఒక బొమ్మ, కింది సగం ఇంకో బొమ్మగా తెర చీలిపోతుంది. గడువు అరక్షణం తప్పినా కన్ను పట్టేస్తుంది. సెకనుకొక్కసారి లెక్క చూసుకునే అంకె దాన్ని ఎట్లా పట్టగలదు?

ఈ ప్రశ్నను పట్టుకుని కూర్చున్నవాడు స్కాట్ వాసన్. టెక్ రిపోర్ట్ అనే అమెరికా ప్రచురణకు సంపాదకుడు. 2011 సెప్టెంబరులో ఆయన రాసిన వ్యాసం పేరును తెలుగులో చెప్పుకుంటే 'సెకను లోపల' అనాలి. అందుకోసం ఆయన కొత్త యంత్రమేదీ కనిపెట్టలేదు. ఒక్కో ఫ్రేముకు పట్టిన కాలాన్ని ఫైల్లో రాసిపెట్టే సౌకర్యం ఫ్రాప్స్‌లో ముందే ఉంది. అందరూ పసుపు అంకెను చూస్తుంటే ఆయన ఆ ఫైలు తెరిచాడు. అడ్డంగా ఫ్రేములు, నిలువుగా మిల్లీసెకన్లు పెట్టి గ్రాఫు గీశాడు. సగటులో సమానంగా కనబడ్డ రెండు కార్డుల్లో ఒకదాని గీత చదునుగా పోయింది, రెండోదాని గీత ముళ్లకంపలా లేచింది.

గ్రాఫు చూపిస్తే సరిపోదు, పాఠకుడికి చేతిలో పట్టుకోవడానికి ఒక అంకె కావాలి. అందుకు ఆయన ఎంచుకున్న కొలత, నూటికి 99 ఫ్రేములు ఎన్ని మిల్లీసెకన్ల లోపు పూర్తయ్యాయన్నది. దాంతోపాటు, 50 మిల్లీసెకన్లు దాటిన ఫ్రేములు మొత్తం మీద ఎంత కాలం మింగాయో కూడా లెక్కగట్టాడు. నా దృష్టిలో అసలైన ఆవిష్కరణ ఇదే. జబ్బు అంతకుముందూ ఉంది, దాని తాలూకు ఆధారం ఫైళ్లలో పడి ఉంది. దాన్ని చూపించే కొలతే లేదు. కొలత లేని జబ్బును ఏ కంపెనీ మాత్రం ఎందుకు ఒప్పుకుంటుంది?

ఒప్పుకోక తప్పని రోజు 2012 డిసెంబరులో వచ్చింది. ఏఎండీ వారి రేడియాన్ హెచ్‌డీ 7950, ఎన్‌విడియా వారి జీఫోర్స్ జీటీఎక్స్ 660 టీఐ కార్డులను వాసన్ బృందం మళ్లీ పక్కపక్కన పరీక్షించింది. రేడియాన్ గ్రాఫులో ముళ్లు తేలాయి. కంటికి తెలియదులే అన్నవాళ్ల కోసం స్కైరిమ్ ఆటను హైస్పీడ్ కెమెరాతో తీసి, నెమ్మదిగా తిప్పి చూపించారు. కార్డును నడిపించే ప్రోగ్రాములను, అంటే డ్రైవర్లను, ఏఎండీ సరిచేయడం మొదలుపెట్టింది. ఫ్రేముల మధ్య ఎడం సమంగా ఉందా లేదా అన్నది తమ పరీక్షల్లో సరిగా చూసుకోలేదని 2013 మార్చి నాటికి బయటికే చెప్పింది. సగటు పెంచితే మార్కులు పడతాయి కాబట్టి డ్రైవర్లు రాసేవాళ్ల చూపంతా సగటు మీదే ఉండేదన్నమాట.

ఈలోగా వాసన్ పద్ధతికీ ఒక అభ్యంతరం వచ్చింది. ఫ్రాప్స్ కొలిచేది ఆట తన బొమ్మను విండోస్ చేతికి అప్పగించే చోట. తెర మీద అది ఎప్పుడు పడిందన్నది వేరే సంగతి. మధ్యలో డ్రైవర్, కార్డు, క్యూలు ఉన్నాయి. దాంతో కొలిచే చోటును రెండో కొసకు మార్చారు. పీసీ పర్‌స్పెక్టివ్ ప్రచురణకు చెందిన రయాన్ ష్రౌట్, ఎన్‌విడియాలో ఉన్న టామ్ పీటర్సన్ బృందం ఇచ్చిన ఎఫ్‌క్యాట్ అనే సాధనంతో 2013 మార్చిలో ఫలితాలు ప్రచురించాడు.

ఎఫ్‌క్యాట్ చేసేది చిన్న పని. ప్రతి ఫ్రేముకూ ఎడమ అంచున ఒక రంగు పట్టె వేస్తుంది, ఫ్రేము మారితే రంగు మారుతుంది. మానిటర్‌కు పోయే సిగ్నల్‌ను ఇంకో కంప్యూటర్ పూర్తిగా రికార్డు చేసుకుంటుంది. తర్వాత ఆ వీడియోలో అంచు రంగులను వరసగా చదివితే, ఏ ఫ్రేము తెర మీద ఎన్ని గీతల మేర నిలిచిందో తేలిపోతుంది. నారాయణపేటలో మగ్గం మీద పేక రంగు మార్చుకుంటూ గళ్ల చీర నేయడం చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. రంగుకిన్ని పోగులని లెక్క తప్పకుండా పడితే పట్టెలన్నీ ఒకే వెడల్పున వస్తాయి. ఒక రంగు రెండు పోగులకే తెగిపోతే చీర మడతలో ఉన్నా నేతగాడి కన్ను అక్కడే ఆగుతుంది.

ఎఫ్‌క్యాట్ చూపించిన అంచులో అట్లాంటి రెండు పోగుల పట్టెలు కుప్పలుగా బయటపడ్డాయి. ముఖ్యంగా రెండు రేడియాన్ కార్డులను జత చేసి నడిపే క్రాస్‌ఫైర్‌లో. మొదటి కార్డు బొమ్మ నిండుగా వస్తే, రెండో కార్డు బొమ్మ తెర మీద ఇరవై గీతలైనా నిండకుండానే మాయమయ్యేది. కొన్ని అసలు తెరకే చేరలేదు. ఫ్రాప్స్ మాత్రం రెండింటినీ ఫ్రేములుగానే లెక్కేసి అంకెను ఇంచుమించు రెట్టింపు చేసి చూపించింది. రెండో కార్డుకు పోసిన డబ్బుకు జనం కొనుక్కున్నది చాలావరకు ఆ అంకెనే. ఈ సాధనాన్ని పోటీ కంపెనీ అందించిందన్న మాట నిజమే. రంగు పట్టెలు మాత్రం ఎవరి పక్షమూ వహించవు.

సరిగ్గా ఆ గొడవ నడుస్తుండగా, 2013 ఏప్రిల్‌లో, ఏఎండీ గ్రాఫిక్స్ బాధ్యత తీసుకోవడానికి ఒక తెలుగాయన తిరిగొచ్చాడు. పేరు రాజా కోడూరి. గోదావరి ఒడ్డున కొవ్వూరు ఆయనది. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చేసి, ఎస్3 గ్రాఫిక్స్ మీదుగా 2001లో ఏటీఐకి చేరి, ఆ కంపెనీని ఏఎండీ కొన్నాక అక్కడే కొనసాగి, 2009లో యాపిల్‌కు వెళ్లి మళ్లీ వచ్చినవాడు. ఫ్రేముల మధ్య ఎడం సర్దే మొదటి డ్రైవర్ 2013 ఆగస్టు మొదట్లో విడుదలైంది. రెండో కార్డు బొమ్మను హడావుడిగా తోసేయకుండా, కాస్త ఆపి, సమంగా పంపడమే దాని కిటుకు. వేగం పెంచడం కోసం కాకుండా, తొందరను ఆపడం కోసం డ్రైవర్ రాయాల్సి వచ్చింది.

తర్వాత జరిగింది చూస్తే ఈ రంగం ఎంత ఇరుకైనదో తెలుస్తుంది. 2015లో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగమంతా రేడియాన్ టెక్నాలజీస్ గ్రూప్ పేరుతో కోడూరి చేతికి వచ్చింది. ఆ ఏడాది చివర, అదే కంపెనీ కార్డుల్లో లోపం పట్టి చూపిన స్కాట్ వాసన్ పత్రిక వదిలి ఆ గ్రూపులో ఉద్యోగానికి చేరాడు. 2017లో కోడూరి ఇంటెల్‌కు వెళ్లాడు. 2018లో ష్రౌట్ కూడా ఇంటెల్‌కే వచ్చాడు, 2019లో ఎన్‌విడియా నుంచి పీటర్సనూ వచ్చాడు. స్టటర్‌ను, అంటే ఆట ఆగి ఆగి దూకే ఈ జబ్బును, వేలెత్తి చూపిన ముగ్గురూ కొవ్వూరాయన గ్రాఫిక్స్ నడిపిన కంపెనీల్లోనే తేలారు. తప్పు పట్టినవాణ్ని పిలిచి కుర్చీ వేయడం మన ఆఫీసుల్లో కూడా ఉంటే బాగుండును.

అంత అనుభవం ఒకచోట చేరినా ఇంటెల్‌ను స్టటర్ వదల్లేదు. 2022 అక్టోబరులో ఆర్క్ ఏ750, ఏ770 కార్డులు వచ్చాయి. కొత్త ఆటల్లో పర్వాలేదు. ఆటలు కార్డుతో మాట్లాడే భాష డైరెక్ట్‌ఎక్స్‌లో, దాని పాత రూపమైన 9 మీద రాసిన ఆటల్లో, కౌంటర్-స్ట్రైక్ గ్లోబల్ అఫెన్సివ్ లాంటి వాటిలో, ఇబ్బంది పెట్టాయి. ఆ పాత ఆటల భాషకు ఇంటెల్ సొంతంగా డ్రైవర్ రాయలేదు. మైక్రోసాఫ్ట్ తయారుచేసిన ఒక పొర ద్వారా డైరెక్ట్‌ఎక్స్ 12లోకి మార్చుకుని నడిపింది. ఆ మార్పిడి దగ్గరే కాలం పోయేది. నెలల తరబడి డ్రైవర్లు దిద్ది, 2023 ఫిబ్రవరిలో ఏ750 ధరను 289 డాలర్ల నుంచి 249కి తగ్గిస్తూ, పాత ఆటలు ఎంత మెరుగయ్యాయో చెప్పుకుంది. ఆ చెప్పుకున్న దాంట్లో సగటు అంకెకు పక్కనే 99 శాతం కొలత కూడా ఉంది. 2011లో ఒక విలేకరి పెట్టిన కొలత కంపెనీ ప్రకటనలోకి ఎక్కిందన్నమాట. ఆ మార్చి చివర్లో కోడూరి ఇంటెల్ నుంచి బయటికొచ్చాడు.

మానిటర్లవాళ్లూ ఊరికే కూర్చోలేదు. కార్డు బొమ్మ ఇచ్చేదాకా తెరనే ఆగేట్టు చేస్తే పోలా అన్న ఆలోచనతో 2013 అక్టోబరులో ఎన్‌విడియా జీ-సింక్, 2014 జనవరిలో ఏఎండీ ఫ్రీసింక్ చూపించాయి. చిన్న తేడాలను ఇవి బాగా కప్పేస్తాయి. 174 మిల్లీసెకన్ల గుంటను పూడ్చడం వాటి తరం కాదు.

కొలత దొరికాక అసలు వెతుకులాట మొదలైంది. ముల్లు కనబడింది సరే, గుచ్చుతున్నదెవరు?

పాత నేరస్థుడు వేడి. 2001 సెప్టెంబరులో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు క్వేక్ 3 ఆట నడుస్తుండగానే ప్రాసెసర్ల మీది హీట్‌సింక్ ఊడబీకి వీడియో తీశారు. ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కి చచ్చింది. పెంటియం 4 మాత్రం చావలేదు, ఆట నత్తనడక పట్టింది. హీట్‌సింక్ తిరిగి పెట్టగానే మళ్లీ వేగం అందుకుంది. ప్రాణం కాపాడుకోవడానికి చిప్ తనను తాను నెమ్మది చేసుకోవడం అప్పుడు లోకమంతా కళ్లారా చూసింది. ఇప్పుడు అన్ని చిప్‌లూ ఆ పని చేస్తాయి. లాప్‌టాప్ ప్రాసెసర్లు సుమారు 100 డిగ్రీల దగ్గర వేగం కోసుకుంటాయి.

మే నెలలో నారాయణపేటలో గది వేడే 40 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, యంత్రానికి ఊపిరాడే జాగా అక్కడే సగం పోతుంది. మా అక్క కొడుకు అక్కడి నుంచే ఫోన్ చేశాడు.

"మామా, ఇరవై నిమిషాలు మంచిగనే నడుస్తది. తర్వాత ఆగుకుంట ఆగుకుంట వస్తది. కొత్తది కొనాల్నా?"

"లాప్‌టాప్ ఏడ పెట్టి ఆడుతున్నవ్‌రా?"

"మంచం మీద. పరుపు మీదనే."

ఆట ఆడుతూ కొలతలు రికార్డు చేసి పంపమన్నాను. ఫ్రేము కాలం గీత మొదట చదునుగా ఉంది. ఒకచోట నుంచి ముళ్లు మొదలయ్యాయి. ప్రాసెసర్ వేగం గీత సరిగ్గా అదే చోట మెట్టు దిగినట్టు కిందికి పడింది. పరుపులోకి కూరుకుపోయిన లాప్‌టాప్‌కు అడుగున గాలి పీల్చుకునే రంధ్రాలు మూసుకుపోయాయి. బల్ల మీద పెట్టి, వెనకవైపు కింద రెండు పుస్తకాలు ఎత్తు పెట్టించాను. ఫ్యాన్‌లో దుమ్ము మెకానిక్ దగ్గర తీయించాడు. ముళ్లు పూర్తిగా పోలేదు గానీ ఆట ఆడేట్టు అయింది. మిగిలిన ముళ్లు కరెంటు పోయినప్పుడు వచ్చినవి. చార్జర్ నుంచి బ్యాటరీ మీదికి మారగానే లాప్‌టాప్ తన గ్రాఫిక్స్‌కు ఇచ్చే కరెంటు తగ్గించేస్తుంది. దానికి మామ చేసేదేమీ లేదు.

కొన్ని ముళ్లకు వేడితో పని లేదు. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కు రహస్య తాళంచెవులు దాచే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు తప్పనిసరి. ఏఎండీ రైజెన్ కంప్యూటర్లలో దానికి విడి చిప్ అవసరం లేకుండా ఎఫ్‌టీపీఎం అనేది ఫర్మ్‌వేర్ లోపలే ఉంది. అది ఆన్ చేసుకున్నవాళ్లలో కొందరికి రోజులో ఎప్పుడో ఒకసారి కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయేది. ఆటే కాదు, మౌస్, శబ్దం కూడా గరగరమంటూ ఆగేవి. డ్రైవర్లు మార్చినా, ర్యామ్ మార్చినా, విండోస్ మళ్లీ వేసినా పోలేదు. కారణాన్ని ఏఎండీ 2022 మార్చిలో చెప్పింది. ఎఫ్‌టీపీఎం అప్పుడప్పుడు మదర్‌బోర్డు మీది ఫ్లాష్ మెమరీతో పని పెట్టుకుంటుంది. ఆ పని సాగినంతసేపు మిగతా యంత్రం ఎదురుచూస్తూ నిలబడుతుంది. మే నుంచి కొత్త బయోస్‌లు వస్తాయంది, వచ్చాయి. 2023లో అదే జబ్బు లైనెక్స్‌లో తేలింది. యాదృచ్ఛిక అంకెల కోసం కెర్నెల్ ఎఫ్‌టీపీఎంను అడగడమే అక్కడ కారణం. లైనెక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ విసుక్కుని, దాన్ని వాడడమే మానేద్దామన్నాడు. ఆట ఆగిపోవడానికి తాళంచెవుల పెట్టె కారణమని ఎవరు మాత్రం ఊహిస్తారు?

షేడర్ల కథ ఇంకా పెద్దది. తెర మీద మెరుపు, పొగ, నీళ్లు ఎట్లా కనబడాలో చెప్పే చిన్న ప్రోగ్రాములు షేడర్లు. ఏ కార్డుకు ఆ కార్డు భాషలోకి వాటిని మార్చాలి. పీసీల్లో కార్డులు రకరకాలు కాబట్టి ఆ మార్పిడి కొనుక్కున్నవాడి ఇంట్లోనే జరుగుతుంది. 2015లో డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చాక ఆ భారం డ్రైవర్ మీద తగ్గి, ఆట తయారుచేసినవాళ్ల మీద పెరిగింది. ముందుగా మార్చి పెట్టుకోని ఆటలో, మొదటిసారి నిప్పు మండగానే ఒక జెర్క్. రెండోసారి అదే నిప్పుకు ఏమీ ఉండదు. అందుకే అదే చోటికి తిరిగి వెళ్లి చూస్తే ఈ రకం ఇట్టే దొరికిపోతుంది.

2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ పీసీల్లో ఆగి ఆగి నడిచినప్పుడు అందరూ షేడర్లనే తిట్టారు. అదే నెలలో స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టే ఆటల యంత్రాన్ని తెచ్చిన వాల్వ్ కంపెనీ ఇంజనీర్లు తమ లైనెక్స్ పొరలో వెతికితే ఇంకోటి తేలింది. కొన్ని చోట్ల ఆ ఆట ఒక్కసారిగా వేల కొద్దీ చిన్న చిన్న వనరులను పుట్టించడంతో మెమరీ చూసుకునే భాగం ఉక్కిరిబిక్కిరి అవుతోంది. ఆ కేటాయింపులను వాళ్లు దాచిపెట్టుకునేలా చేసేసరికి, పెద్ద పెద్ద పీసీల్లో కుంటిన ఆట చేతిలో పట్టే డబ్బాలో నున్నగా నడిచింది. అందరి అనుమానమూ ఒకరి మీదే ఉన్నప్పుడు కూడా కొలిచి చూడడం మంచిది.

ఒకప్పుడు ఎఫ్‌క్యాట్ పెట్టాలంటే ఖరీదైన క్యాప్చర్ కార్డు, రెండో కంప్యూటర్, మహా వేగంగా రాసే డిస్కులు కావాలి. ఇప్పుడు ఇంటెల్ వారి ప్రెజెంట్‌మాన్ ఉచితం, ఓపెన్ సోర్స్. 2023 ఆగస్టులో దానికి జీపీయూ బిజీ అనే కొత్త గీత చేర్చారు, దాన్ని జనానికి వివరించింది మళ్లీ టామ్ పీటర్సనే. ఫ్రేముకు పట్టిన మొత్తం కాలం ఒక గీత, అందులో గ్రాఫిక్స్ కార్డు నిజంగా పని చేసిన కాలం ఇంకో గీత. ముల్లు రెండింటిలోనూ లేస్తే భారం కార్డు మీద పడ్డట్టు, అప్పుడు గ్రాఫిక్స్ సెట్టింగులు తగ్గించాలి. మొదటి గీత ఒక్కటే లేచి రెండోది కిందే ఉంటే కార్డు ఖాళీగా ఎదురుచూస్తోంది. తప్పు ప్రాసెసర్‌దో, ర్యామ్‌దో, డిస్కుదో, వెనకాల నడుస్తున్న ఇంకేదో ప్రోగ్రామ్‌దో. 8 జీబీ ర్యామ్ మీద ఆట, బ్రౌజర్ రెండూ తెరిచిపెట్టుకునే ఇళ్లలో ఇదే ఎక్కువ.

కాబట్టి నారాయణపేటలోనో మక్తల్‌లోనో కోస్గిలోనో ఉన్న పిల్లలకూ, కార్డు కొనిపెట్టమని పోరు పడుతున్న వాళ్ల నాన్నలకూ ఒక మాట. డబ్బు తీసే ముందు ప్రెజెంట్‌మాన్ దించుకుని అరగంట ఆట రికార్డు చేయండి. ఒకసారికి ఒక్కటే మార్చి, మళ్లీ రికార్డు చేసి, రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చూడండి. షాపుకు వెళ్తే ఆ గ్రాఫు పట్టుకెళ్లి, సగటు అంకె కాదు, 99 శాతం ఫ్రేములకు ఎంత కాలం పడుతోందో చూడమని అడగండి.